బిడ్డ పుట్టినందుకు యాభై డాలర్ల కోత

మా పాప అక్టోబర్లో పుట్టింది. అత్తగారు వెండి గిన్నె తెచ్చారు. స్నేహితులు డైపర్ల పెట్టెలు మోసుకొచ్చారు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వారు తమ వంతుగా యాభై డాలర్లు కోసేశారు.

వెటకారం కాదు, ఒట్టి కూడిక. నేనూ మా ఆవిడా వేర్వేరు కంపెనీల్లో పనిచేస్తాం. ఎవరి ఇన్సూరెన్స్ వాళ్లదే. రెండూ హై డిడక్టిబుల్ ప్లాన్లే. అంటే మొదట కొన్ని వేల డాలర్లు మన జేబులోంచి పోయాక గానీ ఇన్సూరెన్స్ కంపెనీకి మనం కనపడం. ఆ బాధ పడుతున్నందుకు ప్రతిఫలంగా ప్రభుత్వం హెచ్‌ఎస్‌ఏ అనే ఖాతా ఇచ్చింది. అందులో వేసే డబ్బుకి పన్ను లేదు, పెరిగినదానికి లేదు, వైద్యానికి తీస్తే అప్పుడూ లేదు. 2026కి ఒక్క మనిషి ప్లాన్ ఉన్నవాళ్లు 4,400 డాలర్ల దాకా వేసుకోవచ్చు. అంటే మా ఇద్దరికీ కలిపి 8,800.

పాపని నా ప్లాన్‌లో చేర్చాను. చేర్చిన క్షణంలో నాది 'ఫ్యామిలీ' అయింది. మొగుడూ పెళ్లాల్లో ఒకరిది ఫ్యామిలీ అయితే రెండోవారిదీ ఫ్యామిలీ కిందే జమ. ఇద్దరికీ కలిపి పరిమితి ఒక్కటే, 8,750. ఇద్దరం ఉన్నప్పుడు 8,800, ముగ్గురం అయ్యేసరికి 8,750. పోనీ ఈ ఒక్క ఏడాది గ్రహచారమా అంటే 2025లోనూ అదే వరస: విడివిడిగా 4,300 చొప్పున 8,600, ఫ్యామిలీకి 8,550. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని మన పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే మనవాళ్లు అందులో నీళ్లు కలిపారు. వీళ్లు మజ్జిగే తీసేశారు.

"ఏవండీ, ఆ యాభై ఎందుకు పోయింది?" అని మా ఆవిడ అడిగింది. తను ఆడిటింగ్‌లో పనిచేస్తుంది కాబట్టి ఏదో ఒకటి చెప్పి తప్పించుకునే వీల్లేదు. వెతికాను. చట్టంలో మొదట రాసుకున్న అంకెలు 2,250, 4,500. సరిగ్గా రెండింతలే. తర్వాత ఏటా ధరల పెరుగుదలని బట్టి పెంచుతూ, దగ్గర్లో ఉన్న యాభైకి గుండ్రం చేస్తారు. ఆ గుండ్రం చెయ్యడంలో ఒంటిమనిషి అంకె ఓసారి పైకి పోతుంది, కుటుంబం అంకె ఓసారి కిందకి జారుతుంది. అదీ సంగతి. మా పాప ఐఆర్‌ఎస్ వారి గుండ్రంలో రాలిపోయిన చిల్లర.

రాలనిది ఒకటుంది. డిడక్టిబుల్. 2026లో ఒంటిమనిషి ప్లాన్‌కి అది కనీసం 1,700 ఉండాలి, ఫ్యామిలీకి కనీసం 3,400. ఇక్కడ మాత్రం గుండ్రాలూ తరుగులూ ఏమీ లేవు, ఖచ్చితంగా రెండింతలు. పైగా ఫ్యామిలీ ప్లాన్‌లో పసిబిడ్డ ఒక్కదానికే చెవిపోటు వచ్చినా, ఆ బిడ్డ బిల్లు 3,400 దాటకముందే ఇన్సూరెన్స్ కనికరించి డబ్బు కట్టిందంటే అది హై డిడక్టిబుల్ ప్లానే కాకుండా పోతుంది. కనికరం ఉన్న ప్లాన్‌కి ఈ ఖాతా అర్హత ఉండదు. టీకాలకీ, బాగున్న బిడ్డని బాగుందా అని చూసే చెకప్‌లకీ మాత్రం పైసా అడగరు, ఆ మాట ఒప్పుకోవాలి. జబ్బు చెయ్యని పిల్లకి వైద్యం ఉచితం.

ఈ ఖాతా పుట్టుపూర్వోత్తరాలు కూడా ముచ్చటైనవే. 2003 డిసెంబర్ 8న జార్జ్ బుష్ సంతకం పెట్టిన చట్టం అసలు ముసలివాళ్ల మందుల కోసం. ముసలివాళ్ల ఇన్సూరెన్స్ అయిన మెడికేర్‌లో మందుల ఖర్చుకి సాయం చేర్చడం దాని పని. ఆ పందిట్లోనే ఈ హెచ్‌ఎస్‌ఏకీ మూడుముళ్లు వేసి, 2004 జనవరి నుంచి కాపురానికి పంపారు. అలా ముసలివాళ్ల చట్టంలో పుట్టిన ఈ ఖాతా, మనిషి మెడికేర్‌లో చేరిన రోజు నుంచి కొత్తగా పైసా తీసుకోనంటుంది. పుట్టింటివాళ్లని గడప తొక్కనివ్వని కూతురు.

సరే, ముసలితనానికి ఇంకా టైముంది. పుట్టుక దగ్గరికే వద్దాం. తెలుగువాళ్లకి సిజేరియన్‌కి ముహూర్తం పెట్టే అలవాటుందని లోకమంతా నవ్వుతుంది. నవ్వేవాళ్లు అమెరికా పన్నుల పంచాంగం చూసి ఉండరు.

మా ఆఫీసులో ఓ కుర్రాడున్నాడు, తమ్ముడి వరస. అతనిది ఒంటిమనిషి హై డిడక్టిబుల్ ప్లాన్. భార్యకి తన కంపెనీలోనే మామూలు ప్లాన్. మొన్న డిసెంబర్ మొదటి వారంలో కాన్పు అన్నారు. రాజమండ్రి నుంచి అత్తగారు పురోహితుణ్ని అడిగి నాలుగో తేదీ నక్షత్రం దివ్యంగా ఉందని కబురు పెట్టారు. ఇతను మాత్రం ఎక్సెల్ షీటు ముందు కూర్చుని జుట్టు పీక్కుంటున్నాడు. ఎందుకంటే ఈ ఖాతాకి అర్హతని నెల మొదటి తేదీన చూస్తారు. బిడ్డ నవంబర్ 30న పుడితే డిసెంబర్ 1న తండ్రి ఫ్యామిలీ మనిషి. డిసెంబర్ 1న ఫ్యామిలీ అయితే, 'ఆఖరి నెల సూత్రం' అని ఒకటుంది, దాని ప్రకారం ఏడాది మొత్తం ఫ్యామిలీగా ఉన్నట్టే. 8,550 వేసుకోవచ్చు. అదే బిడ్డ డిసెంబర్ 2న పుడితే ఆ ఏడాదికి అతను ఏకాకి. 4,300తో సరి. రెండు రోజులకి 4,250 డాలర్ల తేడా. ఏ నక్షత్రానికీ అంత రేటు లేదు.

ఇదే ఐఆర్‌ఎస్‌లో పక్క గదికి వెళ్తే ఇంకో సిద్ధాంతి ఉంటాడు. ఆయనది చైల్డ్ టాక్స్ క్రెడిట్. బిడ్డ డిసెంబర్ 31 రాత్రి పదకొండు యాభై తొమ్మిదికి కెవ్వుమన్నా ఏడాదంతా మీ బిడ్డే, ఇవిగో 2,200 డాలర్లు అంటాడు. ఒకే పీఠం, ఒకే బిడ్డ, రెండు పంచాంగాలు. మన దగ్గర పుష్కరాల తేదీ మీద సిద్ధాంతులు కొట్టుకుంటే పేపర్లో వేస్తారు. వీళ్లది వేసే పేపరు లేదు.

ఆఖరి నెల సూత్రానికి ఒక తోక కూడా ఉంది. అలా ముందుగా వేసుకున్నవాడు మరుసటి ఏడాది డిసెంబర్ 31 దాకా అర్హత పోగొట్టుకోకూడదు. పోతే అదనంగా వేసిందంతా ఆదాయంలో కలిపి పన్ను కట్టాలి, పైన పది శాతం జరిమానా. చావుకీ వైకల్యానికీ మినహాయింపు ఉంది. లేఆఫ్‌కి లేదు. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజులిస్తారు. ఆ అరవై రోజుల్లో దొరికిన కొత్త కంపెనీ పొరపాటున మంచి ఇన్సూరెన్స్ ఇచ్చిందా, అయిపోయాడే. మంచి ఇన్సూరెన్స్ తీసుకున్న నేరానికి జరిమానా.

ఇంతకీ ఆ తమ్ముడి బిడ్డ ఎవరి పంచాంగమూ చూడలేదు. డిసెంబర్ 2 తెల్లవారుజామున తనంతట తనే వచ్చేసింది. అత్తగారికి నక్షత్రం పోయింది, అల్లుడికి 4,250 పరిమితి పోయింది. ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకున్నారట. అత్తా అల్లుళ్ల మధ్య అంత సయోధ్య కుదిరిందంటే ఆ మేరకు ఐఆర్‌ఎస్‌కి దణ్ణం పెట్టాలి.

పుట్టుక గోల ఇలా ఉంటే పెరగడం మరీ వింత. టెక్సాస్‌లో మా అన్నయ్య ఉన్నాడు, పెదనాన్నగారి అబ్బాయి. వాడి కొడుక్కి ఇరవై నాలుగు. ఉద్యోగం చేస్తున్నాడు, తన బతుకు తను బతుకుతున్నాడు. 2010 ఆరోగ్య చట్టం పుణ్యమా అని ఇరవై ఆరు వచ్చేదాకా తండ్రి ప్లాన్‌లో ఉండొచ్చు కాబట్టి ఉన్నాడు. మొన్న వాడికి జ్ఞానదంతం పీకించారు. కన్నతండ్రి మమకారంతో మా అన్నయ్య తన హెచ్‌ఎస్‌ఏ కార్డు తీసి గీకేశాడు. తర్వాత పన్నులు చూసే సీపీఏ గారు గుండె పట్టుకున్నారట. ఇన్సూరెన్స్‌కి వాడు ఇంకా కొడుకే. పన్నుకి కాదు. పన్ను లెక్కలో కొడుకు కావాలంటే పంతొమ్మిది నిండకూడదు, ఫుల్‌టైం చదువుతుంటే ఇరవై నాలుగు లోపు ఉండాలి. 2010 చట్టం ఎఫ్‌ఎస్‌ఏ అనే ఇంకో ఖాతాకి వయసు పెంచింది గానీ, హెచ్‌ఎస్‌ఏని మరిచిపోయింది. కాబట్టి ఎఫ్‌ఎస్‌ఏతో పీకిస్తే పన్ను లేని పన్ను, హెచ్‌ఎస్‌ఏతో పీకిస్తే ఆ డబ్బు మీద ఆదాయప్పన్నూ, ఆపైన ఇరవై శాతం జరిమానా. అదే పన్ను, అదే నోరు, అదే తండ్రి.

అసలు తమాషా ఆ తర్వాత మొదలైంది. కొడుకు పన్ను లెక్కలో కొడుకు కాడని తేలింది కదా. అయితే వాడికి సొంతంగా హెచ్‌ఎస్‌ఏ తెరుచుకునే అర్హత వచ్చినట్టే. వాడు ఉన్నది తండ్రి ఫ్యామిలీ ప్లాన్. కాబట్టి వాడి పరిమితి? ఫ్యామిలీదే. పూర్తిగా 8,750. మా అన్నయ్యా వదినా, ముప్ఫై ఏళ్ల కాపురం, ఇద్దరు పిల్లలు, ఇంటి లోను, వీళ్లిద్దరికీ కలిపి 8,750. పెళ్లి లేదు, పెట్టుపోతలు లేవు, ఫ్రిజ్ తీస్తే సగం తిన్న పిజ్జా, వాళ్లమ్మ పంపిన గోంగూర సీసా తప్ప ఇంకేమీ లేని ఆ ఏకోనారాయణకి ఒక్కడికీ 8,750. వాడు ఫ్యామిలీ! మా అన్నయ్య ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "ఒరేయ్, వాడికి పెళ్లి సంబంధాలు చూస్తున్నాం కదా, బయోడేటాలో ఈ ముక్క వెయ్యొచ్చా?" అన్నాడు.

పెళ్లంటే గుర్తొచ్చింది. మొగుడూ పెళ్లాలు ఆ 8,750ని పంచుకోవాలని చెప్పాను కదా. అదే విడాకులు తీసుకుని, ఇద్దరూ బిడ్డని చెరో ఫ్యామిలీ ప్లాన్‌లో పెట్టుకున్నారనుకోండి, ఎవరి 8,750 వాళ్లదే. బిడ్డని పన్నుల్లో ఎవరు చూపించుకున్నా, మామూలు షరతులకి లోబడి, వైద్యం ఖర్చు దగ్గర ఆ బిడ్డ ఇద్దరికీ బిడ్డే. కోర్టులు ఏళ్ల తరబడి తేల్చలేని సంగతిని పన్నుల చట్టం ఇంత ఉదారంగా తేల్చేసింది. ఈ ముక్క మా ఆవిడకి చదివి వినిపించాను. లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే, "ఎంత మిగుల్తుందో చెప్పండి, ఆలోచిద్దాం" అంది.

ఇక ఎఫ్‌ఎస్‌ఏ. పైన పొగిడాను కదా అని మోసపోకండి. భార్య తన ఆఫీసులో మామూలు ఎఫ్‌ఎస్‌ఏకి టిక్కు పెడితే, అందులోంచి మొగుడి వైద్యానికి డబ్బు తీయడానికి వీలుంటుంది కాబట్టి మొగుడు హెచ్‌ఎస్‌ఏకి అనర్హుడు. తియ్యకపోయినా అనర్హుడే. ఆమె ఆ డబ్బంతా తన కళ్లద్దాలకే పెట్టినా, మొగుడు దానివంక కన్నెత్తి చూడకపోయినా అంతే. మనసులో కోరిక ఉండటమే పాపమని పురాణాల్లో విన్నాం, పేరోల్‌లో ఇప్పుడు చూస్తున్నాం. ఇది కాక డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ అని ఇంకోటుంది. అది డేకేర్ ఖర్చుకి, దాంతో ఈ తంటా లేదు. కానీ పేర్లు రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, పోర్టల్‌లో పక్కపక్కనే కూర్చుంటాయి. చంకలో పాప ఏడుస్తుంటే రాత్రి పదకొండింటికి, గడువు ఆఖరి రోజున, మా ఆవిడ ఏ పెట్టెలో టిక్కు పెట్టిందో సరిచూడ్డానికి నాకు నాలుగు స్క్రీన్లూ, ఒక పాస్‌వర్డ్ మార్పూ పట్టాయి. సరైన పెట్టెలోనే పెట్టింది. అనుమానించినందుకు మర్నాడు కాఫీ నేనే కలుపుకున్నాను.

ఇవన్నీ గట్టెక్కినా మాకు ఇంకో యోగం ఉంది. మేముండేది న్యూజెర్సీలో. ఈ రాష్ట్రమూ, కాలిఫోర్నియా కూడా తమ పన్ను లెక్కల్లో ఈ ఖాతాని గుర్తించవు. కేంద్రం మాఫ్ చేసినదాని మీద రాష్ట్రం వసూలు చేస్తుంది. అమెరికాలో తెలుగువాళ్లు చాలామంది ఎడిసన్ చుట్టూ, బే ఏరియా చుట్టూ గుడులు కట్టుకుని స్థిరపడ్డారు. ఏ వాస్తు చూసి ఎంచుకున్నారో గానీ, రెండూ ఈ రాష్ట్రాల్లోనే.

వచ్చే వారం తెనాలిలో మా అమ్మకి కంటి ఆపరేషన్. శుక్లాలు. బిల్లు నేనే కడుతున్నాను, ఆవిడ మందులూ ఇంటి ఖర్చూ కూడా నేనే చూస్తున్నాను. వాట్సాప్‌లో మాట్లాడుతూ నోరు జారి, "నా ఆరోగ్య ఖాతాలోంచి నీ ఆపరేషన్‌కి తీయడానికి లేదమ్మా, నువ్వు నా డిపెండెంటువి కాదట" అన్నాను.

"నేను కాకపోతే మరెవరవుతార్రా?"

"అమెరికా పౌరులో, ఇక్కడ ఉండేవాళ్లో అవ్వాలి. లేదా కెనడాలో గానీ మెక్సికోలో గానీ ఉండాలి."

"మెక్సికో అంటే?"

"ఇక్కడ పక్క దేశమమ్మా."

"అక్కడి వాళ్లమ్మ వాడికి అమ్మ అవుతుంది, ఇక్కడి నేను నీకు కాను. అంతేనా?"

మిగతా షరతులన్నీ కుదిరితే, అంతే. ఇండియాలో పుట్టి, పౌరసత్వం లేకుండా, అక్కడే తాతయ్య దగ్గర చదువుకుంటున్న పెద్దపిల్లాడున్నా అంతే, వాడూ లెక్కలో లేడు. మా అమ్మ కాసేపు ఆలోచించి, "పోనీలే, ఆ మెక్సికోలో ఎండలు మనంత ఉంటాయా?" అని అడిగింది. ఈవిడ నిజంగానే వెళ్లేలా ఉందని మాట మార్చేశాను.

ఇంత కోడిగుడ్డుకి ఈకలు పీకాక, ఎవడికి లాభం అని అడగాలి కదా. వారాంతం పార్టీల్లో, బిర్యానీ ప్లేటు పట్టుకుని, కొందరు మహానుభావులు రహస్యం చెబుతున్నట్టు చెబుతారు: "హెచ్‌ఎస్‌ఏలో డబ్బు అస్సలు ముట్టుకోకు బ్రదర్. పిల్లల డాక్టరు బిల్లులు జేబులోంచి కట్టు. రసీదులు దాచు. ఖాతాలో డబ్బు మార్కెట్లో పెట్టు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ రసీదులు చూపించి తీసుకో." ఆ మాట నిజమే, రసీదుకి గడువు లేదు. పాపకి ఇప్పుడొచ్చిన చెవిపోటు బిల్లుని దాని పెళ్లి ఖర్చులకి వాడుకోవచ్చు. జాతకంతో పాటు చెవిపోటు రసీదు కూడా పెట్టెలో భద్రం. కానీ చూడండి, వైద్యానికి ఇచ్చిన ఖాతాని వైద్యానికి వాడకపోవడమే తెలివి అని తేలింది. డాక్టరు బిల్లు జేబులోంచి కట్టి కూడా ఏడాదికి 8,750 పక్కన పెట్టగలిగినవాడికే ఇది కామధేనువు. పన్ను మాఫీ కూడా అలాగే ఉంటుంది. 37 శాతం శ్లాబులో ఉన్నవాడు వంద డాలర్లు వేస్తే ముప్ఫై ఏడు మిగుల్తాయి, 12 శాతం శ్లాబులో ముగ్గురు పిల్లలతో గ్యాస్ స్టేషన్ కౌంటర్లో నిలబడే మనవాడికి పన్నెండు. ఆ ముగ్గురికీ చలికాలంలో వంతులవారీగా జ్వరాలొస్తే, వేసింది వేసినట్టే ఖాళీ. డిడక్టిబుల్ మాత్రం ఇద్దరికీ 3,400 నుంచే మొదలు. ఒకడికి పెట్టుబడి, ఇంకొకడికి పారాసిటమాల్ చిల్లర. ఇద్దరి కార్డు మీదా పేరు మాత్రం ఆరోగ్యమే.

నేనెవరి వైపు అంటారా? నా దగ్గరా ఒక రసీదుల డబ్బా ఉంది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, పాత అరిసెల డబ్బా.

జనవరిలో ఓ సాయంత్రం పాపకి డైపర్లు అయిపోయాయి. బయట మోకాలు లోతు మంచు. దగ్గర్లో మందుల షాపుకి వెళ్లి రెండు పెట్టెలు కౌంటర్ మీద పెట్టి హెచ్‌ఎస్‌ఏ కార్డు గీకాను. యంత్రం ఎర్రగా మెరిసి, వద్దంది. "డైపర్స్ నాట్ కవర్డ్, సర్" అంది కౌంటర్లో అమ్మాయి. పాలపొడి డబ్బా పెట్టాను. అదీ వద్దంది. మూడు నెలల పిల్ల పొద్దస్తమానం చేసే పనులు రెండే. ఒకటి తాగడం. దానికి మాఫీ లేదు. రెండోదానికీ లేదు.

"మరి దేనికుంది?" అన్నాను, ఒళ్లు మండి.

ఆ అమ్మాయి జాలిగా అటు చూపించింది. బ్రెస్ట్ పంపుకి ఉంది. కట్టుకట్టే గుడ్డలకి ఉంది. సన్‌స్క్రీన్‌కి ఉంది, ఎస్‌పీఎఫ్ పదిహేనున్నా చాలు. పంతానికి ఒక సీసా తీసి గీకాను. టింగుమని పచ్చగా వెలిగింది.

డైపర్లకీ పాలకీ సొంత డబ్బు కట్టి, మంచులో జారుకుంటూ, చంకలో సన్‌స్క్రీన్ సీసాతో ఇంటికొచ్చాను. మా ఆవిడ అటూ ఇటూ తిప్పి వెనక చిన్న అక్షరాలు చదివింది.

"ఆరు నెలల లోపు పిల్లలకైతే డాక్టర్ని అడగమన్నాడండీ."

"అడుగుదాం."

"అడగడానికి వెళ్తే అది చెకప్ కిందకి రాదు, విజిట్ కింద రాస్తారు. మన 3,400లో ఇప్పటికి ఎంతైంది?"

డబ్బా తెరిచి రసీదులు లెక్కపెట్టాను. నూట పన్నెండు.